పక్కలో కాదు, పక్కనే



మొదటి రాజుల గ్రంథం మూడవ అధ్యాయంలోని సొలొమోను తీర్పు మనందరికీ తెలుసు. సండేస్కూలు పిల్లలు సైతం కత్తి పట్టిన భటుణ్ణి, ఇద్దరు స్త్రీలను బొమ్మ వేసి చూపిస్తారు. అయితే ఆ తీర్పుకు ముందు ఒక రాత్రి ఉంది. దాని గురించి 19వ వచనం చెబుతుంది. నిద్రలో తల్లి బిడ్డ మీద పడింది, తెల్లవారేసరికి బిడ్డ లేడు. ఇది మూడు వేల ఏళ్ల నాటి సంగతే అయినా, మన ఇళ్లలో మంచాలు ఈనాటికీ అలాగే ఉన్నాయి.

మొన్న డిసెంబరులో పక్క ఊరి నుండి ఒక భూస్థాపనకు మమ్మల్ని పిలిచారు. రెండు నెలల పసిగుడ్డు. చలికాలం కదా అని ఒకే మంచం మీద అమ్మానాన్నల మధ్య పడుకోబెట్టి, పైన రగ్గు కప్పారు. తెల్లవారుజామున చూస్తే ఉలుకూ పలుకూ లేదు. కారణం ఇదీ అని డాక్టరు కూడా తేల్చి చెప్పలేదట. ప్రార్థన అయ్యాక ఆ తల్లి మా దగ్గరికి వచ్చి, “అయ్యగారూ, నేనే చంపుకున్నానా?” అని అడిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా మౌనంగా మా ముఖం వైపు చూశారు.

“లేదమ్మా. డాక్టరుకే తెలియని దానికి నీ మీద నువ్వు తీర్పు రాసుకోవద్దు. నిద్రలో ఉన్న మనిషికి నేరం ఉండదు” అని చెప్పాము. ఆ మాట వాక్యాన్ని బట్టే చెప్పాము. సొలొమోను ఆ స్త్రీని ఆ రాత్రి గురించి ఒక్క ప్రశ్న అడిగినట్టు కూడా వ్రాయబడలేదు. రాజు విచారించింది బ్రతికిన బిడ్డ ఎవరిదన్న సంగతి. నిద్రలో జరిగిన దానికి శిక్ష వేసినట్టు అక్కడ ఎక్కడా లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని వీధి అరుగు మీద కూర్చుని విచారించే హక్కు మనకూ లేదు. ఈ మాట ముందు చెప్పి, తరువాతే మిగతాది చెబుతున్నాము. ఎందుకంటే ఇకపై చెప్పే జాగ్రత్తలు పుట్టబోయే బిడ్డల కోసం. పోయిన బిడ్డల తల్లుల మీద రాళ్లు వేయడానికి ఎవరూ వీటిని వాడుకోవద్దు.

అప్పటికి మా ఇంట్లో మా మరదలికి ఎనిమిదో నెల. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు గనుక పురుడు మా ఇంట్లోనే పోయాలని అనుకున్నాము. బిడ్డ ఎక్కడ పడుకోవాలన్న దాని మీద ఇంట్లో మూడు అభిప్రాయాలు. అత్తగారు మెత్తటి పాత చీర ఉతికి ఆరేసి, దూలానికి ఉయ్యాల కట్టించడానికి సిద్ధంగా పెట్టారు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కూడా కుట్టారు. మరదలేమో బిడ్డను గుండెకు హత్తుకుని పడుకుంటానంది. హైదరాబాదులో ఉన్న మా తోడల్లుడు, పెద్ద మంచానికి ఆనించి కట్టే చిన్న పక్కమంచం ఫోటో ఫోనుకు పంపాడు. ముగ్గురిదీ ప్రేమే. కానీ ఆ భూస్థాపన చూసి వచ్చిన మాకు, ప్రేమతో పాటు తెలుసుకోవలసినది కూడా ఉందనిపించింది. టౌనులో పిల్లల డాక్టరు గారి దగ్గరికి మరదలిని, అత్తగారిని ఇద్దరినీ తీసుకొని వెళ్ళాము.

ఆయన చెప్పిన మొదటి మాట: బిడ్డను పగలైనా రాత్రైనా వెల్లకిలా పడుకోబెట్టాలి. బోర్లా వద్దు, పక్కకు ఒత్తిగిల్లబెట్టడమూ వద్దు. బ్రిటన్‌లో 1991 చివరిలో ఈ ఒక్క మాటను ఊరూరా, టీవీల్లో చాటించారు. ఆ సంవత్సరమే తన చిన్న కొడుకు సెబాస్టియన్‌ను నిద్రలో పోగొట్టుకున్న టీవీ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ ఆ ప్రచారానికి ముందు నిలబడింది. నాటితో పోలిస్తే అక్కడ ఇలాంటి మరణాలు ఈరోజుకు దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గాయి. అమెరికాలో 1994లో అదే ప్రచారం మొదలైంది. కొత్త మందు ఏమీ కనిపెట్టలేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టారు, అంతే.

మా అత్తగారు ఊరుకోలేదు. “వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కినప్పుడు గొంతుకు అడ్డం పడవా బాబూ?” అని అడిగారు. మన ఊళ్లో ప్రతి పెద్దావిడకూ ఉన్న భయమే ఇది. డాక్టరు గారు కాగితం మీద రెండు గొట్టాలు గీశారు. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు కింద నుండి పైకి ఎక్కితే తప్ప ఊపిరి గొట్టంలోకి పోవు. బోర్లా ఉంటే ఊపిరి గొట్టమే కిందికి వస్తుంది. అత్తగారు ఆ కాగితం మడిచి బైబిలులో పెట్టుకున్నారు.

రెండో మాట: పడక గట్టిగా, సమతలంగా ఉండాలి. చీర ఉయ్యాలలో బిడ్డ నడుము వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలపలేని బిడ్డకు అలా ఊపిరి దారి ఇరుకవుతుంది. వదులైన నులక మంచంలో గుంట పడి ముఖం గుడ్డలోకి ఒరుగుతుంది. ఏడుపు మాన్పడానికి ఎవరైనా దగ్గర కూర్చుని ఉయ్యాల ఊపవచ్చు. నిద్ర పట్టాక తీసి చదునైన చోట పడుకోబెట్టాలి. దిండు ఏదైనా, ఆవాలదైనా సరే, ఏడాది నిండేదాకా పడకలో వద్దు. తల ఆకారం కోసం, బిడ్డ మేలుకొని ఉన్నప్పుడు మనం చూస్తుండగా రోజూ కాసేపు బోర్లా ఆడించమన్నారు.

మూడో మాట ఈ వ్యాసం పేరులో ఉంది. మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లి ఉన్న గదిలోనే ఉండాలి, కానీ వేరే పడక మీద. చెయ్యి చాస్తే అందాలి, ఒళ్లు దొర్లితే తగలకూడదు. పక్కలో కాదు, పక్కనే.

ఇక మంచం వెదకడం మొదలైంది. టౌనులో మొదట చూసిన దుకాణంలో ఉయ్యాల మంచం చాలా అందంగా ఉంది. చుట్టూ మెత్తటి దిండ్ల గోడలు, రిబ్బన్లు, లోపల చెయ్యి పెడితే దిగబడే స్పాంజి పరుపు. డాక్టరు గారు వద్దన్నవన్నీ ఒకే చోట కనిపించాయి. చుట్టూ దిండ్లు ఉంటే బిడ్డ ముఖం వాటికి ఒత్తుకుంటుంది, రిబ్బను మెడకు చుట్టుకుంటుంది. తల వైపు ఎత్తుగా వాలి ఉండే ఊగు కుర్చీలను కూడా నిద్రకు వాడవద్దు. పది డిగ్రీలకు మించి వాలి ఉండే పసిపిల్లల పడకలను అమెరికాలో 2022లో చట్టం చేసి ఆపేశారు. అక్కడి మన బంధువులెవరైనా పాత తొట్టి మంచం పంపిస్తామంటే, పక్క కమ్మీ కిందికి జారే రకమేమో అడగండి. ఆ రకం అమ్మకాన్ని అక్కడ 2011 జూన్ నుండి నిషేధించారు. కమ్మీ ఊడి, ఆ సందులో బిడ్డలు ఇరుక్కుని చనిపోవడమే దానికి కారణం.

మా తోడల్లుడు చూపిన పక్కమంచానికి ఒక వైపు గోడ ఉండదు, పెద్ద మంచానికి బెల్టుతో బిగించాలి. పాలివ్వడానికి సుఖమే. అయితే రెండు పరుపులూ ఒకే ఎత్తులో ఉండాలి, మధ్యలో సందు ఉండకూడదు, బెల్టు ఎన్నడూ సడలకూడదు. మా పెద్ద మంచం నవారుది. మనిషి కూర్చుంటే దిగుతుంది, లేస్తే పైకి వస్తుంది. అలాంటి దానికి ఇది కుదరదు. దిట్టమైన చెక్క మంచం ఉన్నవారు కంపెనీ వారు ఇచ్చిన కాగితం చదివి, అందులో చెప్పినట్టే బిగించుకోవచ్చు.

చివరికి మన సంఘంలోని వడ్రంగి మేస్త్రి చేత నాలుగు వైపులా కమ్మీలున్న చిన్న మంచం చేయించాము. మా మంచం పక్కన జరిపి పెట్టుకునేది. ఆయనకు ఇచ్చిన కొలతలు మీకూ పనికివస్తాయి. కమ్మీకీ కమ్మీకీ మధ్య ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే బిడ్డ కాళ్లు, నడుము జారిపోయి తల ఇరుక్కుంటుంది. నాలుగు మూలల కోళ్లు పైకి పొడుచుకుని రాకూడదు, బట్ట తగులుకుంటుంది. అడుగు చెక్క కదలకూడదు, మేకు తేలకూడదు. కొబ్బరిపీచు పరుపు గట్టిది, మంచం కొలతకు సరిగ్గా కుట్టించాము. పరుపుకూ అంచుకూ మధ్య రెండు వేళ్లు దూరితే ఆ పరుపు సరిపోదు. పైన బిగుతుగా పరిచిన ఒక్క దుప్పటి. అందులో బొమ్మలు, బొంతలు ఏమీ లేవు.

మేస్త్రి మంచం తెచ్చిన రోజు అత్తగారు, “బిడ్డ పుట్టకముందే ఖాళీ మంచం ఇంట్లో పెడతారా అల్లుడుగారూ?” అని సందేహపడ్డారు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మన వాళ్లంటారు కదా. ఫిన్లాండ్ సంగతి చెప్పాము. అక్కడి ప్రభుత్వం 1938 నుండి బీద తల్లులకు, 1949 నుండి అందరికీ, కాన్పుకు ముందే ఒక అట్టపెట్టె ఇస్తోంది. అందులో బిడ్డ బట్టలతో పాటు అడుగున చిన్న పరుపు ఉంటుంది. ఎందరో బిడ్డలు ఆ పెట్టెలోనే మొదటి నిద్ర పోయారు. అత్తగారు కాసేపు ఆలోచించి, “మోషే తల్లి కూడా పెట్టె ముందే చూసుకుని ఉంటుందిలే” అన్నారు.

ఆ మాట మా మనసులో నిలిచిపోయింది. యొకెబెదు విశ్వాసం గురించి మనం ఎంతో చెప్పుకుంటాము. ఆమె చేతిపని కూడా చూడండి. జమ్ము పెట్టె తీసుకుంది, నీరు చొరకుండా జిగటమన్ను, కీలు పూసింది, నది లోతులో కాక ఒడ్డున జమ్ములో ఉంచింది. బిడ్డకు ఏమవుతుందో చూడడానికి అక్క దూరాన నిలబడింది. దేవుడు ఉన్నాడు గదా అని ఆ తల్లి చిల్లులున్న పెట్టెలో బిడ్డను వదలలేదు. న్యూజిలాండ్‌లో మావోరీ స్త్రీలు హరకెకె అనే మొక్క ఆకులతో వహకురా అనే బుట్ట అల్లుతారు. బిడ్డను దగ్గర పెట్టుకునే తమ అలవాటు పోకుండా, పెద్ద పడక మీదనే ఆ బుట్టలో బిడ్డకు వేరే చోటు ఉంటుంది. పెద్దల ప్రేమను కాదనకుండా బిడ్డను కాపాడే దారి వారు వెదికారు. మనమూ వెదకవచ్చు.

మంచం కొనలేని ఇల్లు ఉందని మాకు తెలుసు. పాము, తేలు భయంతో నేల మీద పడుకోబెట్టలేని ఇల్లూ ఉంది. బిడ్డ పెద్దల మంచం మీదే ఉండక తప్పకపోతే దిండ్లు, రగ్గులు దూరంగా జరపండి. బిడ్డ తల్లి వైపునే, గోడ సందుకు, అంచుకు దూరంగా ఉండాలి. కుర్చీలో, సోఫాలో బిడ్డను పట్టుకుని నిద్రపోవడం అంతకంటే ప్రమాదం. తాగి వచ్చిన మనిషి, బీడీ కాల్చే మనిషి, నిద్రమాత్ర వేసుకున్న మనిషి బిడ్డతో ఒకే మంచం మీద పడుకోకూడదు. అన్నలారా, ఇది మీకు సూటిగా చెబుతున్నాము. నెలలు నిండక పుట్టిన బిడ్డ, బరువు తక్కువ బిడ్డ విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు. పొగ బిడ్డ ఊపిరికి శత్రువు. బీడీ అయినా సాంబ్రాణి అయినా గది బయటే. నిద్రలో తలకు టోపీ వద్దు, వేడి ఎక్కువవుతుంది. దోమతెర బిగుతుగా, ముఖానికి తగలకుండా కట్టండి. తల్లిపాలు ఇవ్వండి, అవి కూడా ఈ ముప్పును తగ్గిస్తాయి.

జనవరిలో మరదలికి పాప పుట్టింది. మొదటి వారం రాత్రుళ్లు పాప ఏడ్చినప్పుడల్లా మరదలు తన పక్కలోకి తీసుకునేది. పాలు తాగాక అత్తగారే లేచి, “ఇటివ్వమ్మా, నీకు కునుకు వస్తోంది” అని తీసుకుని వెల్లకిలా మంచంలో వేసేవారు. ఆవాల దిండులోని ఆవాలు పోపుల డబ్బాలోకి వెళ్ళాయి. ఉయ్యాల మాత్రం ఉంది. ఇరవై ఒకటో రోజున ప్రార్థన చేసి పాపను ఉయ్యాలలో వేశాము, స్త్రీల సమాజం వారు పాటలు పాడారు, పాప నిద్రపోగానే తీసి మంచంలో పడుకోబెట్టాము.

ఆ మంచం మా సొంతం కాదు. పాపకు ఐదో నెల వచ్చి చేతుల మీద లేవబోయేసరికి పెద్ద తొట్టి మంచానికి మార్చి, చిన్నదాన్ని మందిరానికి ఇచ్చాము. సంఘంలో కాన్పు దగ్గరపడిన ఏ కుటుంబమైనా తీసుకొని వెళ్ళవచ్చు, డబ్బు ఇవ్వనక్కర లేదు. ఇచ్చే ముందు మేస్త్రి గారు మరలు బిగించి, కమ్మీలు టేపుతో కొలిచి ఇస్తారు. ఇప్పుడది దళితవాడ చివరి ఇంట్లో ఉంది. తరువాత కావలసిన వారు ముందే చెప్పండి.

ప్రియులారా, తల్లికి నిద్ర వస్తుంది. అది పాపం కాదు, అలసిన దేహానికి దేవుడు ఇచ్చిన ఈవి. మనకు నిద్ర వస్తుంది గనుకనే బిడ్డకు వేరే మంచం వేస్తాము. వేసిన తరువాత, నిద్ర ఎరుగని వాని చేతికి ఆ బిడ్డను అప్పగించి మనమూ కళ్లు మూసుకుంటాము.

ప్రార్థన: తండ్రీ, ఈ రాత్రి మా ఊళ్లలో నిద్రపోతున్న ప్రతి పసిబిడ్డ ఊపిరినీ కాయుము. ఒడి ఖాళీ అయిన తల్లులను నిందించువారి నోళ్లను మూసి, నీవే వారిని ఓదార్చుము. మా చేతులకు జ్ఞానం దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.