కంటిలోని మంచు

గత కార్తికమున మేము కుటుంబముతో మాచర్ల మీదుగా ఎత్తిపోతలకు వెళ్లితిమి. చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుముకుచుండగా తుంపరలు మంచువలె లేచుచుండెను. మా అత్తగారు కన్ను నులుముకొని, "అమ్మాయీ, ఈ తుంపర ఎంత తుడిచినను పోదేమే?" అనిరి. తుంపర మేమున్నచోటికి రానేలేదు. వారి కుడికన్ను ఎఱ్ఱబారియుండెను.

ఇంటికి రాగానే పొరుగమ్మ నందివర్ధనపూల రసము పోయుమనెను. మేము పోయక, మరునాడే కంటివైద్యునికి జూపితిమి. ఆయన కంటిపై సన్నని వెలుగు ప్రసరింపజేసి, సూక్ష్మదర్శినిలో జూచి, లోపల వాపున్నదనియు, కార్నియా వెనుకపొరలో నల్లమచ్చలు గలవనియు చెప్పెను. కార్నియా మార్పిడి తప్పదేమో యని మాకు గుండె జారెను.

ఆయన నెమ్మదిగా బోధించెను. ఆ వెనుకపొర ఒకే వరుస కణములు. పెద్దలలో చదరపు మిల్లీమీటరునకు సుమారు 2500. కార్నియాలోని నీటిని తోడివేయుచు దానిని అద్దమువలె నుంచుట వాని పని. నశించిన కణమునకు బదులు క్రొత్తది పుట్టుట లేదనియే చెప్పవలెను. 1910లో వియన్నా పండితుడు ఫుక్స్ వర్ణించిన వ్యాధిలో ఇట్టి మచ్చలు శాశ్వతములు. వాపువలన గనబడునవి కణములు ఉబ్బుటవలన గలిగినవే. వాపు తగ్గిన అవియు తగ్గును.

ఆరువారములు చుక్కలమందు వేసితిమి. మచ్చలు మాయమయ్యెను, అత్తగారు తామే సూదికి దారమెక్కించుకొనిరి.

ఆ మందును వైద్యుని అనుమతిలేక వాడినను, నడుమ మానినను కీడు గలుగవచ్చును. కన్ను ఎఱ్ఱబారి చూపు మసకయైనచో రసములు పోయక, జాగుసేయక వైద్యునికి జూపుడు.