సత్తెమ్మ, సత్యవతి ఒకరే

మన ఆడవాళ్లకి పేర్లు ఎక్కువ. పుట్టింట్లో పిలిచేది ఒకటి, బడి రిజిస్టర్లో ఒకటి, శుభలేఖలో ఇంకొకటి. ఇంటిపేరు సంగతి సరేసరి, అది మధ్యలోనే మారిపోతుంది. అన్నీ మనమే కదా అని ఎప్పుడూ పట్టించుకోం. కాగితానికి ఆ సంగతి తెలీదు. రెండు పేర్లుంటే దాని లెక్కలో ఇద్దరు మనుషులు.

మా మామగారు 1968లో సైన్యంలో చేరి, 17 ఏళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యారు. మిలిటరీ పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక ఒకరోజు ఆయన వివరాలు తెరిచి చూశాను. భార్య పేరు దగ్గర సత్తెమ్మ అని ఉంది. పుట్టిన తేదీ దగ్గర ఖాళీ. మా అత్తయ్యగారి ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం అన్నిట్లోనూ సత్యవతి.

"ఈ సత్తెమ్మ ఎవరు మామయ్యగారూ?" అంటే నవ్వేశారు. 1974లో పెళ్లయిన పది రోజులకే సెలవు అయిపోయి యూనిట్‌కి వెళ్లిపోయారట. పెళ్లి సంగతి రికార్డుకి ఎక్కించాలి, భార్య పేరు చెప్పమని క్లర్కు అడిగితే, అత్తారింట్లో అందరూ పిలిచే పేరే చెప్పారట. "అప్పటికి నాకు తెలిసింది ఆ పేరే మరి" అన్నారు.

నవ్వుకునే విషయమే గానీ నాకు గుండె గుభేలుమంది. మా వీధి చివరి ఇంట్లో ఇలాగే జరిగింది. ఆయన పోయాక ఆవిడ పేరు రికార్డుతో కలవక, ఫ్యామిలీ పింఛను మొదలవడానికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఆవిడ చేతి గాజులు ఒక్కొక్కటే వెళ్లిపోవడం మేమంతా చూశాం. భర్త ఉండగా ఒక దరఖాస్తుతో అయ్యే పనికి, ఆయన పోయాక తానే ఆయన భార్యనని ఋజువు చేసుకోవాల్సి వచ్చింది.

పుట్టిన తేదీ ఖాళీగా ఉండటం కూడా చిన్న విషయం కాదు. ఫ్యామిలీ పింఛను తీసుకునే ఆవిడకి 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనంగా వస్తుంది, 85కి 30 శాతం, 90కి 40 శాతం. తేదీయే లేకపోతే ఎనభై ఎప్పుడు నిండాయో ఎవరికి తెలుస్తుంది?

ఇదంతా చెప్తే మామయ్యగారి ముఖం మాడిపోయింది. "నేను పోయాక వచ్చే డబ్బుకి నా ముందే లెక్కలా?" అన్నారు. రెండు వారాలు నాతో ముభావంగానే ఉన్నారు. మా వారు కూడా ఇప్పుడెందుకులే అన్నారు. చివరికి ఆ మాట తేల్చింది అత్తయ్యగారే. ఆయన మాటకి ఎదురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు అన్నం వడ్డిస్తూ, "యాభై ఏళ్లు మీరు రాయించిన పేరుతో ఉన్నాను. ఇకనైనా నా పేరుతో ఉండనివ్వండి" అన్నారు. ఆయన ఏమీ అనలేదు. భోంచేసి లేచి, ట్రంకు పెట్టె అడుగు నుంచి డిశ్చార్జి బుక్కు తీసి నా చేతిలో పెట్టారు.

ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాం. సర్వీసు రికార్డు మార్చాల్సింది ఆయన పనిచేసిన విభాగం రికార్డ్స్ ఆఫీసే. ఈఎంఈ వాళ్లకి అది సికింద్రాబాద్‌లో, ఆర్టిలరీ వాళ్లకి నాసిక్ రోడ్‌లో, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకి వెల్లింగ్టన్‌లో ఉంటుంది. మమ్మల్ని అడిగినవి ఇవి: మామయ్యగారి సంతకంతో దరఖాస్తు, డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు నకళ్లు, అత్తయ్యగారి గుర్తింపు కార్డులు, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో ప్రకటన.

పుట్టిన తేదీ కోసం అత్తయ్యగారి ఊరు వెళ్లాం. ఆవిడ చదివింది ఐదో తరగతే. హెడ్మాస్టరుగారు పాపం ఓపిగ్గా బీరువా అంతా వెతికి పాత రిజిస్టరు తీశారు. అందులో తేదీతో సహా సత్యవతి అని ఉంది. అత్తయ్యగారు ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. "మా నాన్న వచ్చి రాయించాడు" అన్నారు.

తీరా అంతా పంపితే ఒకసారి తిరిగొచ్చింది. పేరు చివర ఇంగ్లీషులో ఒక కాగితంలో హెచ్ ఉంది, ఇంకో కాగితంలో లేదు. మళ్లీ అఫిడవిట్, మళ్లీ ప్రకటన. ఎనిమిది నెలలకి పార్ట్ టూ ఆర్డరు వేసినట్టు ఉత్తరం వచ్చింది. సైన్యంలో కుటుంబ వివరాలు ఏవి చేరినా, మారినా ఆ ఆర్డరుతోనే నమోదవుతాయి. ఇంకొన్నాళ్లకి స్పర్శ్‌లో కూడా పేరూ తేదీ సరిగ్గా కనిపించాయి. పేపర్లో ప్రకటన ముక్కని మాత్రం అత్తయ్యగారు దేవుడి గూట్లో పెట్టుకున్నారు. పేపర్లో ఆవిడ పేరు పడటం అదే మొదటిసారి మరి.

మీ ఇంట్లో గానీ పుట్టింట్లో గానీ మాజీ సైనికులుంటే, ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు, స్పర్శ్ వివరాలు, ఆధార్ పక్కపక్కన పెట్టి భార్య పేరు అక్షరం అక్షరం కలిపి చూడండి. పుట్టిన తేదీలు, పిల్లల పేర్లు కూడా చూడండి. పంపే ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి, పోస్టు రసీదు పారేయకండి. పెద్దాయనకి కోపం వస్తుంది, రానివ్వండి. అది పింఛను లెక్క అని చెప్పకుండా, మీ ఆవిడ పేరు సరిచేద్దాం మామయ్యగారూ అని చెప్పి చూడండి. మా ఇంట్లో పని జరిగింది ఆ మాటతోనే.