పిల్లల మనస్సునందలి ఆటుపోటులు

బాలుర స్వభావము దినమున కొక తీరుగ మాఱుట వింతకాదు. ఉదయమున అలిగినవాడు మధ్యాహ్నమునకు నవ్వుచు ఆటకు బోవును. పరీక్షలో తప్పినవాడు రెండు దినములు దుఃఖించి మూడవనాడు మఱచును. బోధనావృత్తియందున్న మేము దీనిని నిత్యము చూచుచున్నాము. కాని యొక్కొక్కప్పుడు ఆ మార్పు స్వభావము గాక వ్యాధి యగుచున్నది. ఈ రెంటికిని గల భేదమును గుర్తెఱుగుట వైద్యులకే చిరకాలము చిక్కుగ నుండెను.

ఆ వ్యాధిని నేడు బైపోలార్ డిజార్డర్ అందురు. కొన్ని దినములో వారములో మనస్సు మితిమీఱి యుప్పొంగును. నిద్ర లేకున్నను అలసట తోచదు. మాటలు వరదవలె వచ్చును. తనకు సాధ్యము గాని కార్యమే లేదని తోచును. పిమ్మట విషాదము క్రమ్మును. భోజనము రుచింపదు, చదువు తల కెక్కదు, బ్రతుకే భారమగును. 1854లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ఫాల్రే, బాయార్జే యనువారు వేర్వేఱుగ దీనిని వర్ణించిరి. 1899లో జర్మను వైద్యుడు క్రేపెలిన్ దీనిని ఉన్మాద విషాదములు రెండును గల యొకే వ్యాధిగ నిరూపించెను. పదియేండ్లలోపు నిది మొదలగుట మిక్కిలి యరుదనియు నాతడే గమనించెను. యౌవనారంభమున మొదలగుట మాత్ర మంత యరుదు గాదు.

తరువాతి కథ మనకు హెచ్చరికవంటిది. 1990 తరువాత అమెరికాలో కొందఱు వైద్యులు, ఎల్లప్పుడును చిఱచిఱలాడు పిల్లలకును ఈ వ్యాధియే యున్నదని తలంచిరి. 1994-95 మొదలు 2002-03 వఱకు నచట ఈ పేరుతో వైద్యులయొద్దకు వచ్చిన పిల్లల సందర్శనములు సుమారు 40 రెట్లు పెరిగెను. అంతట ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ మొదలగు పరిశోధకులు అట్టి పిల్లలను సంవత్సరములతరబడి పరీక్షించిరి. ఎడతెగని చిఱాకు గలవారికి పెద్దతనమున ఎక్కువగ విషాదమును ఆందోళనయు కలిగెనే గాని ఉన్మాదము కలుగుట అరుదని తేలెను. అందుచే 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథమున దానికి వేఱొక పేరు పెట్టబడెను. ఓపికతో వేచి చూచుటయే యిచట సత్యమును బయలుపఱచెను.

నిజముగ ఈ వ్యాధి గల పిల్లల గతి యేమి? అమెరికాలో 7 మొదలు 17 ఏండ్లలోపు వారిని 413 మందిని వెంబడించి చూడగా, పదుగురిలో ఎనమండుగురు సుమారు రెండున్నర సంవత్సరములలో కోలుకొనిరి. కాని కోలుకొన్నవారిలో సగముకంటె నెక్కువమందికి వ్యాధి తిరుగబెట్టెను. మన బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు 1998లో ప్రకటించిన పరిశోధనయందును ఇట్లే కనబడెను. కావున కోలుకొనుట నిజము. జాగ్రత్త మానరాదనుటయు నిజమే.

కొన్ని సంవత్సరముల క్రిందట మే మెఱిగిన యొక బాలుడు రాత్రులు నిద్రింపక ప్రార్థించుచు, తన చొక్కాలను పుస్తకములను పంచిపెట్టుచు, గ్రామమున గొప్ప దేవాలయము కట్టెదనని నోటుబుక్కుల నిండ పటములు వ్రాసెను. ఇరుగుపొరుగువారు వానిని ఆత్మపూర్ణుడని మెచ్చుకొనిరి. రెండు మాసములకు వాడు గోడవైపు తిరిగి పండుకొని పలుకకుండెను. మెచ్చుకొన్నవారే యిప్పుడు దయ్యము పట్టినదనిరి. వాని తల్లి ఆ రెండు మాటలను వినక, వానిని ఆసుపత్రికి తీసికొనిపోయెను. నేడు వాడు ఉద్యోగము చేసికొనుచున్నాడు, మందు మానలేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా! ప్రార్థనకును వైద్యమునకును వైర మెచటిది?

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియమను లవణము ఉన్మాదమును శమింపజేయునని ప్రకటించెను. అది నేటికిని వాడుకలో నున్నది. రక్తపరీక్షలు చేయించుచు, వైద్యుని పర్యవేక్షణలోనే దానిని వాడవలెను. వేళకు నిద్ర, ఇంటివారి శాంతమైన మాట మందునకు తోడుపడును. కుటుంబమంతటికి వ్యాధి స్వభావమును బోధించు పద్ధతి వలన మేలు కలుగునని డేవిడ్ మిక్లోవిట్జ్ మొదలగువారు చూపిరి.

తల్లిదండ్రులారా, ఒక కోపమును చూచి బిడ్డకు వ్యాధి పేరు పెట్టకుడి. కాని వాని నిద్ర, మాట, చదువు, స్నేహము నన్నియు నొక్కమాఱుగ తలక్రిందులై, వారము దాటినను సర్దుకొనకున్నచో, వాని నెగతాళి చేయకుడి, కొట్టకుడి, దాచకుడి, వైద్యునికి చూపుడి. చావవలెనని బిడ్డ పలికినచో ఒక దినమైనను ఆలస్యము చేయరాదు. ప్రభుత్వమువారి టెలీ మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను పిలువవచ్చును. విద్యార్థులారా, మీ బల్లపై ప్రక్కన కూర్చుండువాడు కొన్నాళ్లు రాక మరల వచ్చినచో, ఏమాయెనని గుచ్చి యడుగక, జరిగిన పాఠమును చూపి చోటిండు. మే మెఱిగిన ఆ బాలుడు బడికి తిరిగి వచ్చుటకు, వైద్యునితోపాటు అట్టి స్నేహితు డొక్కడును కారణమాయెను.