మైనస్ పడ్డ బువ్వ

పోయిన ఆదివారం సైనిక్‌పురిలో మా అద్దె ఇంటికి నా స్టూడెంట్ ఒకమ్మాయి లాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. వాళ్ల నాయినమ్మ చెప్పిన ముచ్చట్లన్నీ టైప్ చేసి పెట్టుకుంది. అచ్చుతప్పులు చూడమని తెలిసినాయనకు ఇస్తే, ఆయన దిద్ది ప్యాచ్ ఫైల్ పంపాడు.

ప్యాచ్ అంటే పాత రాతకూ కొత్త రాతకూ ఉన్న తేడాల పట్టిక. మైనస్‌తో మొదలైన లైను పోతుంది. ప్లస్‌తో మొదలైంది వస్తుంది. ఖాళీతో మొదలైంది ఉన్నచోటే ఉంటుంది. ఈ పట్టిక చదివి ఫైలును మార్చే ప్రోగ్రామును లారీ వాల్ 1985లో రాశాడు. ఇప్పటికీ వాడుతున్నాం.

ఆయన దిద్దినవాటిలో నిజమైన తప్పులు చాలానే ఉన్నాయి. పోయిన ఒత్తులు, రెండుసార్లు పడ్డ లైన్లు. వాటి మధ్యలో ఇదీ ఉంది:

-అవ్వ పెద్దకూర వండి బువ్వ పెట్టింది
+అమ్మ మాంసం వండి అన్నం పెట్టింది

"మొత్తం వద్దని చెప్పేస్తా మేడమ్" అంది. కోపం న్యాయమే. కానీ ఆ ఒత్తులు మనకు కావాలి కదా. ప్యాచ్ కూడా మామూలు టెక్స్ట్ ఫైలే. తెరిచి, కావలసిన మార్పులే ఉంచుకోవచ్చు.

వద్దనుకున్న ప్లస్ లైనును తీసేస్తే చాలు. మైనస్ లైనును మాత్రం అలా తీసేయకూడదు. ప్యాచ్ చుట్టుపక్కల లైన్లను చూసి తన చోటు గుర్తుపడుతుంది. ఫైల్లో ఉన్న లైను పట్టికలో లేకపోతే అతకదు. కాబట్టి లైను ఉంచి, దాని ముందున్న మైనస్ చెరిపి, అక్కడ ఒక ఖాళీ పెట్టాలి. ఆయన ఒకచోట "బువ్వ అంటే అన్నం" అని కొత్త లైను కూడా కలిపాడు. అదీ తీసేశాం. అప్పుడు పైన @@ గుర్తుల మధ్య ఉండే కొత్త లైన్ల లెక్కలో ఒకటి తగ్గించాలి. లెక్క తప్పితే ప్యాచ్ మొరాయిస్తుంది.

గంటలో పనైపోయింది. ఒత్తులు వచ్చాయి. బువ్వ నిలబడింది.

ఆ పిల్ల వెళ్లాక నా సంగతి గుర్తొచ్చింది. డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా నా నోటినీ దిద్దారు. వ్యాకరణం, ఛందస్సు నేర్పారు. అవి నాకు కావాలి, వాటితోనే ఈ ఉద్యోగం. కానీ మైనస్ లైన్లు చదవకుండా మొత్తం ఒప్పేసుకున్నాను. మాజీ సైనికుల కోసం వెలిసిన ఈ కాలనీలో ఇల్లు వెతుక్కునేటప్పుడు ఒక ఓనరు "మీరేం తింటారు?" అని అడిగాడు. "చికెన్, మటన్ అప్పుడప్పుడు" అన్నాను. ఆ రోజు పెద్దకూర ముందు మైనస్ పెట్టింది ఇంకెవరో కాదు, నేనే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ రాతను ఎవరైనా దిద్ది పంపితే కోపంతో తిప్పికొట్టకండి, మొహమాటంతో మింగేయకండి. ముందు మైనస్ లైన్లు చదవండి. ఏం వస్తుందో వాళ్లే చెబుతారు. ఏం పోతుందో మనమే చూసుకోవాలి.

జై భీమ్.