ఇంగ్లండు పెరట్లో ముళ్ళ చుట్టం

లండన్ నుంచి పడమరగా రైలెక్కితే అరగంటలో వచ్చే ఊరు రెడింగ్. రాసిన అక్షరాలు చూస్తే 'రీడింగ్' అని చదవాలనిపిస్తుంది గానీ పలకడం మాత్రం రెడింగ్ అనే. కంప్యూటరు ఉద్యోగాలకని వెళ్ళిన మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు అక్కడ. ఒకదాన్నొకటి ఆనుకుని ఎర్ర ఇటుకల ఇళ్ళు, వీధి వైపు కాస్తంత జాగా. అసలు జాగా అంతా ఇంటి వెనకే. ప్రతి ఇంటికీ సన్నగా, పొడుగ్గా ఒక పెరడు, దాని చుట్టూ మూడు వైపులా మనిషెత్తు చెక్క కంచె. మేడ మీది కిటికీలోంచి చూస్తే పోపులపెట్టెలో గిన్నెల్లాగా దేనికది విడిగా కనిపిస్తాయి ఆ పెరళ్ళు. పక్క పెరట్లో ఎవరున్నారో ఈ పెరటివాళ్ళకి తెలీదు.

సెప్టెంబరు నెలాఖరు నుంచీ ఆకు రాలే కాలం. ఓక్ చెట్ల ఆకులు, బీచ్ చెట్ల ఆకులు పసుపు రంగుకీ, కుంకుమ రంగుకీ తిరిగి, పొద్దున్న లేచేసరికి పెరడంతా పరుచుకుని ఉంటాయి. అక్టోబరు ఆఖరి ఆదివారం నాడు దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. ఇక అప్పట్నుంచి సాయంత్రం అయిదింటికే చీకటి. 2023లో మా అమ్మాయి పురుటికని వెళ్ళి నేను చూసిన ఇంగ్లండు ఈ చీకటి ఇంగ్లండే. కోటలూ, మ్యూజియములూ చూడలేదు. పసివాడితో రాత్రిళ్ళు మేలుకుని, పాలు వెచ్చబెడుతూ వంటింటి కిటికీలోంచి పెరడు చూశాను. చెప్పుకోదగ్గ వింత అక్కడే కనిపించింది.

పక్కింటి గోడకి, ఏదైనా కదిలితే దానంతటదే వెలిగే దీపం ఒకటుంది. రాత్రి ఒంటిగంట వేళ అది వెలిగింది. చూద్దును కదా, కంచె అడుగునున్న చిన్న కంతలోంచి ఒక ముద్ద దొర్లినట్టుగా మా వైపుకి వచ్చింది. ఒలవని చిన్న కొబ్బరికాయంత ఉంది. చుంచెలుక మూతి, నల్లపూసల్లాంటి కళ్ళు, వీపంతా ముళ్ళు. రాలిన ఆకుల్లో మూతి దూర్చి, గురగురమంటూ పురుగుల్ని వెతుక్కుంటోంది.

దీన్ని అక్కడ హెడ్జ్‌హాగ్ అంటారు. మాట విడదీస్తే కంచె పంది. మొక్కల కంచెల అడుగున తిరుగుతూ పందిలా గురగురలాడుతుంది కాబట్టి ఆ పేరు. నిజానికి పందికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. మన కొండల్లో ఉండే ముళ్ళపంది, అదే ఏదుపంది ఉంది చూడండి, దానితోనూ లేదు. ఏదుపంది ఎలుకల జాతిది, దుంపలూ వేళ్ళూ తవ్వుకు తింటుంది. ఇదేమో పేడపురుగుల్లాంటివీ, గొంగళి పురుగులూ, వానపాములూ తినేది. ముళ్ళు అంగుళానికి మించవు గానీ అయిదు వేలకి పైనే ఉంటాయట. భయం వేస్తే పరిగెత్తదు, బంతిలా చుట్టుకుపోతుంది. నక్క వస్తే ఆ ఉపాయం పనికొస్తుంది, కారు చక్రం కింద పనికిరాదు. దీని బంధువు ఒకటి మన తమిళనాడు, ఆంధ్ర మెట్ట నేలల పొదల్లోనూ ఉంది. నలభై ఏళ్ళు దాటినా నాకు ఆ సంగతి ఇంగ్లండు వెళ్ళాకే తెలిసింది!

కంచెకి కంత పెట్టించింది ఆ పక్కింటావిడే. ఎనభై ఏళ్ళ మనిషి, ఒంటరిగా ఉంటుంది. నాది ఇంటరు ఇంగ్లీషు, ఆవిడది పళ్ళులేని ఇంగ్లీషు, మధ్యలో మా అమ్మాయి. అయినా కబుర్లు బాగానే సాగేవి. అక్కడి పిల్లలకి చిన్నప్పటి నుంచీ హెడ్జ్‌హాగ్ అంటే ముద్దట. బియాట్రిక్స్ పాటర్ అనే ఆవిడ 1905లో రాసిన పిల్లల కథలో ఇది ఒక చాకలావిడ. తలకి కుళ్ళాయి, నడుముకి ఏప్రాన్ కట్టుకుని చుట్టుపక్కల జంతువులందరి బట్టలూ ఉతికి ఇస్త్రీ చేస్తుంది. మన చేతి పని దానికి అంటగట్టారన్న మాట.

అంత ముద్దు చేసిన జంతువే కరువైపోతోంది. 2020లో బ్రిటన్ దీన్ని అంతరించే ముప్పున్న జంతువుల పట్టికలో చేర్చింది. 2022లో వచ్చిన ఒక నివేదిక ప్రకారం, 2000 సంవత్సరం నుంచి చూసుకుంటే పల్లెల్లో ఇవి 30 నుంచి 75 శాతం దాకా తగ్గాయి. పట్నాల్లో మాత్రం కాస్త నిలదొక్కుకున్నాయట. పల్లెల్లో తగ్గి పట్నాల్లో నిలవడమేమిటి అని నాకూ అనిపించింది. పొలాల గట్ల మీది మొక్కల కంచెలు కొట్టేశారు, మందులు చల్లి పురుగుల్ని చంపేశారు, ఇక పల్లెలో ఏం తింటుంది, ఎక్కడ దాక్కుంటుంది? ఇళ్ళ వెనక పెరళ్ళే దానికి దిక్కయ్యాయి.

అయితే ఒక పెరడు చాలదు. తిండి కోసం ఒక్క రాత్రిలో కిలోమీటరు, మగవైతే రెండు కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. ప్రతి కంచే దానికి కోటగోడే. అందుకని అక్కడి జంతు ప్రేమికుల సంఘాలు రెండు కలిసి 2011లో 'హెడ్జ్‌హాగ్ స్ట్రీట్' అని ఒక ఉద్యమం మొదలుపెట్టాయి. వాళ్ళు అడిగేది చిన్న పని. కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కంత పెట్టమని. మన బెత్తెడు కన్నా ఎక్కువ. హెడ్జ్‌హాగ్ పడుతుంది, చాలా కుక్కలు పట్టవు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర కర్ట్లింగ్టన్ అనే పల్లెలో ఊరివాళ్ళు ఇంటింటికీ ఇలా దారులు కలిపారు. ఎత్తు తేడా ఉన్న చోట దానికోసం బుల్లి మెట్లూ, వాలు పలకలూ కట్టారు. ఫొటోలు చూసి బొమ్మల కొలువు అనుకున్నాను.

మనలాంటి వాళ్ళకి కష్టమల్లా ఆకుల దగ్గర. తెల్లారకముందే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుకుని పెరిగిన చేతులు, రాలిన ఆకు కనిపిస్తే ఊరుకుంటాయా? అల్లుడుగారు ఆకులన్నీ ఊడ్చి తోట చెత్త డబ్బాలో వెయ్యబోతుంటే, కంచె మీదుగా ఆ పెద్దావిడ, "ఆ మూలవి మాత్రం ఉంచండి" అంది. చలికాలం నిద్రకి హెడ్జ్‌హాగ్ గూడు కట్టుకునేది ఆ ఎండుటాకులతోనే. నోటితో ఒక్కొక్క ఆకూ పట్టుకొచ్చి, మధ్యలో దూరి గుండ్రంగా తిరుగుతూ, విస్తరి కుట్టినట్టు పొరలు పొరలుగా సర్దుకుంటుందట. నవంబరు నుంచి మార్చి దాకా అందులోనే. మామూలు నిద్ర కాదది. నిమిషానికి 190 సార్లు కొట్టుకునే గుండె 20 సార్లకి దిగిపోతుంది. ఒళ్ళు చల్లబడిపోతుంది. అన్నాళ్ళూ ఒంట్లో దాచుకున్న కొవ్వే తిండి. అందుకే ఆకు రాలే కాలమంతా దానికి తిండి యావే.

తిండి విషయానికొస్తే, పూర్వం అందరూ రొట్టె ముక్కలూ పాలూ పెట్టేవారట. అది విషంతో సమానం అంటున్నారు ఇప్పుడు. పాలు దానికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. వెడల్పు మూకుడులో మంచినీళ్ళు, మాంసం కలిసిన పిల్లి తిండి పెట్టాలి. మాది శాకాహారం ఇల్లు, పైగా పురుటిల్లు. "అత్తయ్యగారూ, పొడి బిస్కెట్ల లాంటివి కూడా దొరుకుతాయి, వాసనుండదు" అని అల్లుడుగారు సంచి తెచ్చారు. సంచి షెడ్డులో ఉండాలి, గడప దాటి లోపలికి రాకూడదు అన్న షరతు మీద ఒప్పుకున్నాను. పిల్లులు ఎత్తుకుపోకుండా ప్లాస్టిక్ పెట్టె బోర్లించి, పక్కన 13 సెంటీమీటర్ల కంత కోసి, పైన ఇటుక పెట్టి, లోపల ఆ పళ్ళెం పెట్టేవాళ్ళం. తెల్లారేసరికి ఖాళీ.

అక్టోబరు 30న మధ్యాహ్నం మూడింటికి, పట్టపగలు, గడ్డిలో ఒక పిల్ల కనిపించింది. ఒరిగి ఒరిగి నడుస్తోంది. రాత్రి తిరగాల్సిన జీవి పగలు అలా తూలుతోందంటే ప్రాణం మీదికొచ్చిందనే అర్థమట. వేసవి చివర ఆలస్యంగా పుట్టిన పిల్లలకి చలి ముంచుకొచ్చేలోగా ఒళ్ళు చెయ్యదు. పెద్దావిడ పరిగెత్తుకొచ్చి (ఎనభై ఏళ్ళకి అది పరుగే) తోట పని తొడుగులు వేసుకుని దాన్ని ఎత్తు అంచుల అట్టపెట్టెలో పెట్టింది. మా అమ్మాయి వంటింటి త్రాసు తెచ్చింది. 280 గ్రాములు. చలికాలం దాటాలంటే కనీసం 450 గ్రాములైనా ఉండాలి. పొత్తిళ్ళలో పిల్లాణ్ణి పట్టుకుని మా అమ్మాయి ఆ అంకె వంకే చూస్తూ నిలబడిపోయింది. ప్రతి వారం నర్సు వచ్చి తన బిడ్డని తూచి అంకె రాసుకుంటున్న రోజులవి. నేనేమీ అనలేదు.

వేణ్ణీళ్ళ సంచీ తువ్వాల్లో చుట్టి పిల్ల పక్కన పెట్టాం. ముందు వెచ్చబడాలి, చల్లబడ్డ ఒంటికి తిండి పెట్టకూడదు అని ఫోనులో చెప్పారు. ఫోనులో చెప్పింది ఎవరంటే, ఇలాంటి వాటిని సాకే ఒకావిడ. ఆ దేశంలో చాలామంది సొంత ఇంట్లోనే, షెడ్డులోనో వసారాలోనో, ఈ పని చేస్తున్నారు. బకింగ్‌హామ్‌షైర్‌లోని హాడెన్‌హామ్‌లో అడవి జంతువుల ఆసుపత్రే ఉంది, దాని పేరు ఆ కథలోని చాకలావిడ పేరే. మా పిల్లని మాత్రం ఈ ఇంటావిడే కారులో వచ్చి తీసుకెళ్ళింది. బతుకుతుందా అని అడిగితే, వారం గడిస్తే చెబుతానంది. త్రాసు మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, కొత్తది కొనిపించాను.

ఆ వారంలోనే నవంబరు 5 వచ్చింది. 1605లో పార్లమెంటుని మందుగుండుతో పేల్చబోయి పట్టుబడిన కుట్ర గుర్తుగా ఆ రాత్రి అక్కడ పెద్ద మంటలు వేసి బాణాసంచా కాలుస్తారు. భోగికి మనం పేర్చినట్టే ముందుగానే కొమ్మలూ చెక్కలూ పేరుస్తారు. హెడ్జ్‌హాగ్‌కి అంతకన్నా మంచి ఇల్లేముంటుంది? దూరి పడుకుంటుంది. అందుకే పేర్చిన చోట కాల్చకుండా, ఆ రోజే కట్టెలు పక్కకి మార్చి, టార్చి వేసి చూసి అంటించమని చెబుతారు.

మాకు అవతలి పక్క కుర్ర దంపతులు, ఒక చిన్న కుక్క. వాళ్ళది కొత్త కంచె, అడుగున సిమెంటు పలక. రాత్రిళ్ళు పెద్ద హెడ్జ్‌హాగ్ ఆ పలక పొడుగునా అటూ ఇటూ తిరిగి తిరిగి వెనక్కి వచ్చేది. వాళ్ళని అడగమంటే, "రెండేళ్ళయింది, హలో తప్ప మాట్లాడలేదమ్మా, ఇప్పుడు కంచెకి కన్నం పెట్టమని ఎలా అడగను?" అంది మా అమ్మాయి. నవంబరు 12న దీపావళి. పండగ పేరు చెప్పి సున్నుండలు డబ్బాలో పెట్టి, పిల్లాణ్ణి ఎత్తుకుని ఇద్దరం వెళ్ళాం. పిల్లాణ్ణి చూసి లోపలికి పిలిచారు, ఉండలు తిన్నారు, కంచె మాట ఎత్తగానే మొహమొహాలు చూసుకున్నారు. కొత్త కంచె మరి, డబ్బు పోసి వేయించారు. కుక్క గురించి కూడా బెంగ. ఆలోచించి చెబుతామన్నారు. పది రోజుల తర్వాత అబ్బాయి గునపం పట్టుకుని కనిపించాడు. పలకని కొయ్యకుండా దాని కింద మట్టి తవ్వి దారి చేశాడు. సిమెంటు పలక ఉంటే అలాగే చెయ్యాలట.

చిన్న చిన్న జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. పెరట్లో నీటి గుంట ఉంటే ఒక పక్క రాళ్ళు పేర్చాలి, ఈదగలదు గానీ నున్నటి అంచు ఎక్కలేదు. బంతాట వలలు నేల మీద వదలకూడదు, ముళ్ళు చిక్కుకుంటాయి. నత్తల్ని చంపడానికి చల్లే మెటాల్డిహైడ్ గుళికల్ని ఆరుబయట వాడకుండా 2022లోనే నిషేధించారు. గడ్డి కోసే యంత్రం పెట్టే ముందు పొదల అడుగు ఒకసారి చూసుకోవాలి.

నేను ఫిబ్రవరిలో వచ్చేశాను. అప్పటికి పిల్ల గండం గడిచింది, ఒళ్ళు చేస్తోందని కబురు. దొరికిన చోటే వదలడం వాళ్ళ పద్ధతి. ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆవిడ పెట్టెలో తీసుకొచ్చింది, 700 గ్రాములు దాటిందట. మా అమ్మాయి ఫోనులో వీడియో పంపింది. మూలన ఆకులు పోగేసి, పైన చెక్కలు కప్పి కట్టిన గూటి వైపు అది చూడనైనా చూడలేదు. తిన్నగా పలక కింద దూరి కుర్రవాళ్ళ పెరట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ కుర్రది మా అమ్మాయి తలుపు తట్టి, పిల్లి బిస్కెట్లు ఏ షాపులో కొంటున్నారని అడిగిందట.