వజూ నీళ్ల దగ్గర బూటీ

గోదావరిఖనిలో మా ఇంటి వెనక అబ్బా వజూ చేసే నల్లా కింద నేల ఎప్పుడూ తడే. ఎండాకాలం గోడలు సైతం కాలిపోతుంటే అక్కడొక్కచోటే పచ్చదనం నిలుస్తుంది. ఎవరూ నాటలేదు, దానంతటదే పాకింది. గుండ్రటి చిన్న ఆకులు, అంచుల్లో సన్నటి నొక్కులు. కాడ పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది. ఒకటి పీకితే నాలుగు మిగులుతాయి.

పక్కింటి వదిన చూసి, "సరస్వతాకు! యాదికి మంచిది" అంది. ఆ పేరు విని అమ్మీ కాస్త వెనకాడింది. అబ్బా నవ్వి, "పేర్ల ఏమున్నది? మొలిపించేటోడు అల్లాహ్ కదా" అన్నారు. హకీంలు కూడా దీన్ని బ్రహ్మీ అంటారు. నీటి బ్రహ్మి మాత్రం వేరే మొక్క, చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. నిజానికి ఇది మన దస్తర్‌ఖాన్ బిరాదరీదే. కొత్తిమీర, జీరా, సోంఫ్, అజ్వాయిన్, గాజర్ అన్నీ ఒకటే ఖాందాన్.

అబ్బా ముప్పై ఏళ్లు బావిలో దిగారు. కర్రతో కప్పు తట్టి, ఖణేల్మంటే గట్టిది, బోలుగా పలికితే బండ ఊడుతుందని చెప్పేవారు. ఆ చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ పోయిన రంజాన్ నుంచి రకాతుల లెక్క తప్పుతోంది. ఒకరోజు జుహర్‌లో మూడింటికే సలాం తిప్పి, నావైపు చిన్నపిల్లాడిలా చూశారు.

అప్పట్నుంచి అమ్మీ రోజూ ఆ ఆకులు కోసి, బొగ్గు పొడి పోయేలా మూడుసార్లు కడిగి, చింతపండుతో పచ్చడి నూరుతోంది. డాక్టర్‌ని అడిగితే, పచ్చడిగా తింటే పర్లేదు, దవాలా పొద్దూమాపూ మింగించొద్దు, కొందరికి జిగర్ దెబ్బతింది అన్నారు. పోయిన యాద్దాష్త్‌ని ఈ ఆకు తిరిగి తెస్తుందని ఆయన చెప్పలేదు. ఆ మాటే అమ్మీతో కాస్త కటువుగా అన్నాను. "నా చేతిలో ఉన్నది ఇదే బేటా" అంది. ఇంకేం మాట్లాడను?

ఇప్పుడు ఇంట్లో అబ్బా వెనకే జమాత్‌గా నమాజ్ చదువుతున్నాను. ఇమామ్ ఆయనే. నిన్న అస్ర్‌లో మూడో రకాత్ అయ్యాక లేవాల్సింది, కూర్చుండిపోయారు.

"సుబ్‌హానల్లాహ్" అన్నాను.

కాసేపాగి, నేలకు చెయ్యి ఆనించి లేచారు.