గార్లదిన్నెలో దుక్కి పాఠం

అనంతపురం నుంచి గుత్తి వైపు హైవే మీద వెళ్తే గార్లదిన్నె వస్తుంది. దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ అక్కడే ఉంది. కేంద్ర ప్రభుత్వం 1983లో నెలకొల్పింది. బుద్నీ, హిస్సార్, విశ్వనాథ్ చారియాలిలో ఉన్నవి దీని తోబుట్టువులు. నేను వెళ్లింది ఒకే సంగతి తెలుసుకోవడానికి: ట్రాక్టర్ దుక్కి ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన ఎందుకు వస్తోంది?

పాఠం చేలో కాకుండా షెడ్డులో, సిమెంటు గచ్చు మీద మొదలైంది. ముందు శిక్షకుడు ట్రాక్టర్ వెనక టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూశారు. తర్వాత కల్టివేటర్‌ను గచ్చు మీదికి దించారు. కర్రుల మొనలన్నీ నేలకు ఆనాలి. ఒకటి మిగతావాటి కంటే కిందికి ఉంది. అరిగిన కర్రుల మధ్య ఒక్కటే కొత్తది బిగిస్తే అది ఒక్కటే లోతుకు దిగుతుంది. ఎడమ కుడి తేడాను కుడి లింకు మీది హ్యాండిల్ తిప్పి సరిచేశారు. ముందు భాగం ఎక్కువ దిగుతుంటే టాప్ లింకు (పనిముట్టును పైన ట్రాక్టర్‌కు కలిపే కడ్డీ) పొడవు పెంచాలి, వెనక భాగం దిగుతుంటే తగ్గించాలి. ఇందులో కష్టమేమీ లేదు, కానీ చేసేవాళ్లు అరుదు.

అసలు విషయం ఆఫ్‌సెట్ డిస్క్ హారో దగ్గర తెలిసింది. ఇది డ్రాబార్‌కు తగిలించి ఈడ్చే పనిముట్టు. టాప్ లింకు ఉండదు కాబట్టి సర్దుబాటంతా తగిలించే చోటే.

"సార్, మా చేన్లో డిస్కు తోలితే సాలు సాలుకూ కట్ట మాదిరి లేస్తాంది. నేల గట్టిదైనందుకేనా?" అని శిక్షణకు వచ్చిన కుర్రాడు అడిగాడు.

"నేలది తప్పు కాదప్పా, నువ్వు తగిలించిన ఎత్తుది" అన్నారు శిక్షకుడు.

ముందు వరస పళ్లేలు మట్టిని ఒక పక్కకు నెడతాయి, వెనక వరస దాన్ని తిరిగి తెస్తుంది. ముందుది లోతుగా, వెనకది పైపైన నడిస్తే నెట్టిన మట్టి అంతా వెనక్కి రాదు. అదే కట్ట. ఎర్రనేలలో కొంత దూరం తోలి, హారోను పైకెత్తకుండా నిలిపారు. ముందు పళ్లేలు లోతుగా మునిగాయి, వెనకవి సగం కూడా మునగలేదు. తగిలించే చోటును ఒక రంధ్రం పైకి మార్చి మళ్లీ తోలారు. ఈసారి సాలు దాదాపు చదునుగా వచ్చింది. అప్పటికీ లోతు చాలకపోతే వరసల కోణం పెంచాలట. ట్రాక్టర్ పక్కకు గుంజుతుంటే తగిలించే చోటును అడ్డంగా జరపాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలని, అదీ పని చేసే వేగంలోనే చూడాలని శిక్షకుడు మళ్లీ మళ్లీ చెప్పారు. వేగం మారితే మట్టి పడే దూరం కూడా మారుతుంది.

అనంతపురం జిల్లాలో సమమైన దుక్కికున్న విలువ ఇంతా అంతా కాదు. వాన పడ్డాక పదును కొద్ది రోజులే నిలుస్తుంది. దుక్కి ఎగుడుదిగుడుగా ఉంటే గొర్రు వేసే వేరుశనగ విత్తనం ఒకచోట లోతుకు పోతుంది, ఒకచోట పైనే ఉండి ఎండిపోతుంది. మొలక సమంగా రాదు. తర్వాత ఎంత ఎరువు వేసినా ఆ ఖాళీలు పూడవు.

ట్రాక్టర్‌ను బాడుగకు పిలిచే రైతులారా, మొదటి సాలు కాగానే బండి ఆపించండి. వదులు మట్టి తోసి రెండు పక్కలా లోతు కొలవండి. తేడా ఉంటే సరిచేయించాకే మిగతా చేను తోలించండి.